చూపుడిగిన పిదప చేతికి పని

సర్వేంద్రియాణాం నయనం ప్రధానమని పెద్దలు చెప్పిరి. ఆ మాట ఎల్లవారికిని తెలిసినదే. కాని ఆ ప్రధానేంద్రియము నడివయస్సులో నశించినచో, అంతవరకు కంటిపనితో కుటుంబమును పోషించిన గృహస్థు మఱునాటినుండి ఏమి చేయవలెనో ఆ సూక్తి చెప్పదు. పుట్టుకతో చూపు లేనివానికి బాల్యమునుండియే చేతులును, చెవులును కన్నులకు బదులు పనిచేయుట అలవడును. నలువది, ఏబది యేండ్లు చూచి బ్రతికినవాని సంగతి వేఱు. వాని చేతికి కలము పట్టుట తెలియును, వ్రాసినది కనబడదు. వాని బుద్ధి చెడలేదు, విద్య తఱుగలేదు, అనుభవము పోలేదు. లోకమునకును వానికిని నడుమ ఒక ద్వారము మూతపడినది, అంతే. ఇంటిలోనివారు మాత్రము "ఇంతకాలము కష్టపడితిరి, ఇక విశ్రాంతి తీసికొనుడు" అని పడకకుర్చీ చూపుదురు. ఆ మాట ప్రేమతో పలికినదే. అయినను వినువానికి అది తీర్పువలె తోచును.

ఆ తీర్పును అంగీకరింపనివారు చరిత్రలో కొందఱు కలరు. వారిలో మహాకవులు కలరు, యుద్ధమున గాయపడిన సామాన్య సైనికులును కలరు. వీరందఱు ఇంటిపట్టున ఉండియే తమకు తగిన పనిని వెదకుకొనిరి. ఆ వెదకులాట ఎట్లు సాగినదో, ఎవరి తోడు కావలసివచ్చినదో, దానికి ప్రతిఫలముగా ఏమి ముట్టినదో తెలిసికొనుట విద్యార్థులకును, ఉపాధ్యాయులకును ఉపకరింపగలదు.

మిల్టను ఇల్లు

జాన్ మిల్టను 1649లో ఇంగ్లండు ప్రజాప్రభుత్వమున విదేశభాషల కార్యదర్శిగా నియుక్తుడయ్యెను. ఇతర రాజ్యములకు పోవు లేఖలను లాటిను భాషలో కూర్చుట అతని ఉద్యోగము. అప్పటికే ఒక కన్ను చెడుచుండెను. వ్రాతపని మానకున్నచో రెండవదియు దక్కదని వైద్యులు హెచ్చరించిరి. అతడు మానలేదు. 1652 నాటికి చూపు పూర్తిగా పోయెను. అప్పుడతనికి 43 ఏండ్లు. ఆ సంవత్సరముననే భార్య మరణించెను. ఆమె వెనుకనే పసికుమారుడును పోయెను. ముగ్గురు ఆడపిల్లలు మిగిలిరి.

ఉద్యోగము వెంటనే పోలేదు. అతడు చెప్పుచుండగా ఇతరులు వ్రాయుచుండిరి. 1655లో జీతము తగ్గించిరి. 1657లో ఆండ్రూ మార్వెల్ అను కవి అతనికి సహాయకుడుగా వచ్చెను. కాని 1660లో రాజరికము తిరిగి వచ్చుటతో సర్వము తలక్రిందులయ్యెను. ఉద్యోగము పోయెను. ప్రభుత్వపు ఖజానాలో దాచుకొన్న రెండువేల పౌండ్లు పోయెను. అతని గ్రంథములు కొన్నింటిని తలారిచేత తగులబెట్టించిరి. కొంతకాలము చెఱలో ఉండి బయటపడెను. తండ్రి విడిచిన ఇల్లు 1666లో లండను అగ్నిప్రమాదమున కాలిపోయెను. ఏబదియేండ్లు దాటిన అంధుడు, ప్రభుత్వము మెచ్చనివాడు, ఆదాయము తఱిగినవాడు — అట్టివానికి ఇంటిలో కూర్చుండుట తప్ప దిక్కేమి?

ఆ కూర్చుండుటనే అతడు పనిగా మార్చుకొనెను. యౌవనమునుండి మనస్సులో ఉన్న మహాకావ్యమును నోటితో చెప్పి వ్రాయింపసాగెను. రాత్రి నిదుర పట్టని వేళ పంక్తులు కూర్చుకొని, తెల్లవారినపిదప లేఖకుని కొఱకు ఎదురుచూచెడివాడు. వ్రాయువాడు ఆలస్యముగా వచ్చినచో, పాలు పితుకవలసిన వేళ మించిపోవుచున్నదని తన్ను ఆవుతో పోల్చుకొని విసుగుకొనెడివాడని ఆనాటి జీవితచరిత్రకారుడొకడు వ్రాసెను. పొదుగు నిండిన ఆవు దూడకొఱకు అంగలార్చుట చూచిన మన పల్లెవాసులకు ఆ బాధ వేఱుగా వివరింప నక్కరలేదు. వ్రాసినవారు ఒక్కరు కారు. ఆ సమయమునకు ఇంటికి వచ్చినవాడే లేఖకుడు. మేనల్లుడు ఎడ్వర్డు ఫిలిప్సు అప్పుడప్పుడు వచ్చి, పది, ఇరువది, ముప్పది పంక్తుల చొప్పున చూచి, అక్షరదోషములు దిద్ది పోవుచుండెను. శరత్కాలమునుండి వసంతమువరకే కవిత్వధార చక్కగా సాగెడిదనియు, వేసవిలో చెప్పినది తనకే తృప్తి కలిగించెడిది కాదనియు ఆ మేనల్లుడే తెలిపెను.

ఇట్లు పదివేలకు పైబడిన పంక్తుల "ప్యారడైజ్ లాస్ట్" పూర్తియయ్యెను. 1667 ఏప్రిల్ 27న శామ్యూల్ సిమ్మన్సు అను ముద్రాపకునితో ఒప్పందము జరిగెను. మొదట అయిదు పౌండ్లు. 1300 ప్రతులు అమ్ముడుపోయిన పిదప మఱి అయిదు పౌండ్లు. 1674లో మరణించువఱకు కవికి ఆ గ్రంథమువలన ముట్టినది ఈ పది పౌండ్లే. 1680లో అతని భార్య ఎనిమిది పౌండ్లు పుచ్చుకొని మిగిలిన హక్కులు వదలుకొనెను. ఇంటిలో కూర్చుండి చేసిన పనికి బజారు ఎంత వెల కట్టునో ఈ లెక్క చెప్పకయే చెప్పుచున్నది.

ఈ కథలో చెప్పవలసినది మఱియొకటి కలదు. అంధుని పని వెనుక కన్నులున్నవారి పని ఉండును. మిల్టను కుమార్తెలలో మేరీ, డెబొరా అనువారు తండ్రికి హీబ్రూ, గ్రీకు, లాటిను మొదలగు భాషల గ్రంథములు చదివి వినిపింపవలసివచ్చెను. ఆ లిపులను పలుకుట వారికి నేర్పబడినది, అర్థము నేర్పబడలేదు. అర్థము తెలియని పుటలను దినదినము చదువుట ఎంతటి శిక్షయో పరీక్షలకై వల్లెవేసిన విద్యార్థికి తెలియును. ఆ పిల్లలు విసిగి, మొఱపెట్టుకొనిరి. పెద్దకుమార్తె ఆన్ కాలు కుంటిది, మాట తడబడునది గనుక ఆమెకు ఈ పని తప్పెను. తుదకు ఆ కుమార్తెలు వెండిబంగారు జరీతో కుట్టుపని మొదలగు చేతిపనులు నేర్చుకొనుటకు పంపబడిరని ఫిలిప్సు వ్రాసెను. తండ్రి మరణానంతరపు పత్రముపై ఆన్ సంతకము లేదు; వ్రేలు ఎత్తలేని అక్షరమునకు బదులు ఒక గుర్తు మాత్రమే ఉన్నది. మహాకావ్యము వెలువడిన ఆ ఇంటిలో అవిటిదైన బిడ్డకు దక్కిన విద్య సూది, దారము. అంధుడైన తండ్రి పని లోకమునకు తెలిసినది. అవిటిదైన కూతురి పని ఎవరికిని తెలియదు.

గోదావరి తీరమున

నోటితో చెప్పి వ్రాయించుట తెలుగువారికి క్రొత్త సంగతి కాదు. వ్యాసుడు చెప్పగా విఘ్నేశ్వరుడు వ్రాసిన కథ పిల్లలెఱుగుదురు. అవధానసభలలో పద్యపాదములను ధారణచేసి తుదిని అప్పగించు విద్య నేటికిని నిలిచియున్నది. ఈ సంప్రదాయపు బలమును తన అక్కరకు వాడుకొన్నవాడు చిలకమర్తి లక్ష్మీనరసింహము. 1867లో ఖండవల్లి గ్రామమున జన్మించిన ఆయనకు చిన్ననాటినుండియే చూపు మందము. రాత్రులందు దీపము క్రింద చదువుట సాధ్యము కాకపోగా, ఇతరులు చదువుచుండ విని నేర్చుకొనెను. రాజమహేంద్రవరమున ఉపాధ్యాయుడుగా పనిచేసెను, నాటకములు రచించెను, పత్రికలు నడపెను. వయస్సు పైబడినకొలది ఉన్న చూపును పూర్తిగా తఱిగిపోయెను. కాని రచన ఆగలేదు.

"గయోపాఖ్యానము" నాటకము లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయెనని ప్రతీతి. "గణపతి" నవల నేటికిని పాఠకులను నవ్వించుచున్నది. 1942లో, 75 ఏండ్ల వయస్సున, ఆయన "స్వీయచరిత్రము" వెలువడెను. కన్నుల సాయము లేకయే పేర్లు, ఊర్లు, సంవత్సరములు, దశాబ్దముల నాటి సంభాషణలు అన్నియు జ్ఞాపకమునుండి తీసి లేఖకునికి చెప్పెను. ఆయనను ఆంధ్ర మిల్టనుగా వ్యవహరించినవారు కలరు. పోలిక చూపు లేమివలన వచ్చినదే గాని ఒక భేదము గమనింపదగినది. మిల్టనుకు నడిమివయస్సుననే కొన్ని యేండ్లలో చీకటి పూర్తిగా కమ్మెను. చిలకమర్తివారికి సాయంసంధ్యవలె మెల్లమెల్లగా దిగెను. మెల్లగా దిగిన చీకటి ఒక వరమును ఇచ్చును: వినికిడితో చదువుటకును, నోటితో వ్రాయుటకును మున్ముందుగానే అలవాటుపడు వ్యవధి. చూపు మందగించుచున్నదని తెలిసిననాడే క్రొత్త పద్ధతిని అభ్యసింపవలెనని ఆయన జీవితము నేర్పుచున్నది.

కోళ్లను పెంచిన సైనికులు

మహాకవుల మాట సరి. కవిత్వము రానివాని గతి యేమి? పొలము దున్నినవాడు, బండి తోలినవాడు, గనిలో పనిచేసినవాడు కన్నులు పోయిన పిదప ఏమి చెప్పి వ్రాయించును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవాడు ఒక పత్రికాధిపతి. సర్ ఆర్థర్ పియర్సన్ 1900లో "డైలీ ఎక్స్‌ప్రెస్" పత్రికను స్థాపించెను. ఏబదియేండ్లు నిండకమునుపే నీటికాసులను వ్యాధివలన ఆయన చూపు పోయెను. పత్రికావ్యాపారమును వదలి, 1915లో యుద్ధమున కన్నులు పోయిన సైనికులకై లండనులో ఒక ఆవాసమును తెఱచెను. అది తరువాత సెయింట్ డన్‌స్టన్స్ అను పేర ప్రసిద్ధి చెందెను.

అచట జాలిమాటలకు తావు లేదు. చేరినవానికి మొదట బ్రెయిలీ లిపి, టైపు యంత్రము నేర్పిరి. మోటుపని చేసి వ్రేళ్లు కాయలు కాచినవారికి బ్రెయిలీ చుక్కలు తడిమి చదువుట మిక్కిలి కష్టమయ్యెను. అట్టివారికి బుట్టలల్లుట, చాపలు నేయుట, పాదరక్షలు బాగుచేయుట, వడ్రంగము, కోళ్లపెంపకము నేర్పిరి. చదువుకొన్నవారు టెలిఫోను పని, అంగమర్దనచికిత్స నేర్చుకొనిరి. అందఱకును ఒకే పనిని అంటగట్టలేదు. యుద్ధమునకు ముందు ఎవడు ఏ పని చేసెనో విచారించి దానికి సమీపమైనదానిని చూపిరి. వ్యవసాయకుటుంబమునుండి వచ్చినవాడు పెరటిలో కోళ్లను పెంచుట సహజము. ఈకలను తడిమి పక్షి జాతిని గుర్తించుట, గంపలను, గూళ్లను ఒకే క్రమమున ఉంచి తాడు పట్టుకొని నడచుట వంటి ఉపాయములు అభ్యాసమున తేలికయగును.

అంతకంటె ముఖ్యమైనది శిక్షణ ముగిసిన పిదప జరిగినది. బుట్టలల్లుట నేర్చినవాడు ఇల్లు చేరును. కొన్నాళ్లకు బెత్తము నిండుకొనును. క్రొత్త బెత్తము ఎచట దొరకునో, ఏ వెలకు కొనవలెనో, అల్లిన బుట్టను ఎవరికి అమ్మవలెనో తెలియదు. పొరుగువాడు జాలిపడి ఒకటి కొనును, రెండవసారి కొనడు. ఇట్లు ఎందఱో శిక్షణ పొందియు చేతులు ముడుచుకొనిరి. దీనిని గ్రహించి ఆ సంస్థ అనంతరసహాయ విభాగము ఏర్పఱచెను. ముడిసరకు సమకూర్చుట, పనివాని ఇంటికి పోయి పనితనమును పరీక్షించి లోపములు దిద్దుట, తయారైన వస్తువులను అమ్మిపెట్టుట దాని విధులు. ఇంటిపట్టు వృత్తికి ప్రాణము ఇచటనే ఉన్నది. పని నేర్పుట సగము మాత్రమే; సరకు వచ్చు దారియు, వస్తువు పోవు దారియు కల్పించుట మిగిలిన సగము. ఆ సంస్థ నేటికిని వేఱొక పేరుతో పనిచేయుచున్నది.

డెహ్రాడూనుకు వచ్చిన దీపము

ఆ దీపమునుండి వెలిగింపబడిన మఱొక దీపము భారతదేశమునకు వచ్చెను. న్యూజీలండు ప్రధానమంత్రిగా ఉండిన థామస్ మెకంజీ కుమారుడు క్లూథా మెకంజీ 1915లో గల్లిపోలి యుద్ధమున చూపు పోగొట్టుకొని, సెయింట్ డన్‌స్టన్స్‌లో శిక్షణ పొందెను. రెండవ ప్రపంచయుద్ధమున కన్నులు పోయిన భారతసైనికులకై 1943లో డెహ్రాడూనున ఆవాసము ఏర్పడినపుడు దానిని నడపినవాడు ఈయనయే. తాను స్వయముగా అంధుడు గనుక, శిష్యుడు తడబడినచోట గురువునకు కారణము తెలిసెడిది. 1950లో భారతప్రభుత్వము ఆ స్థలముననే వయోజన అంధుల శిక్షణకేంద్రమును స్థాపించెను. 1951లో భారతీయభాషలన్నిటికిని ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ రూపొందెను. తెలుగు అక్షరములును ఆరు చుక్కలలో ఒదిగినవి.

వయోజనుల శిక్షణకేంద్రము అను పేరుననే ఒక సత్యము కలదు. బాలునికి బడి కలదు. వయోజనునికి బడి ఎవరు పెట్టిరి? 45వ ఏట చూపు పోయినవాడు పలక పట్టి అక్షరములు దిద్దుటకు సిగ్గుపడును. మొదట ఆ సిగ్గును పోగొట్టవలెను. తరువాతనే విద్య.

ఈ సిగ్గును జయించినవారిలో శాంతినికేతనపు చిత్రకారుడు వినోదబిహారీ ముఖోపాధ్యాయుడు స్మరణీయుడు. ఒక కంట చూపు లేకయు, రెండవ కంట మసకచూపుతోడను పుట్టి, అయినను చిత్రకళనే వరించెను. హిందీభవనపు గోడలపై మధ్యయుగపు భక్తుల జీవితములను చిత్రించెను. ఏబదియేండ్లు దాటిన పిదప, 1950ల చివర, శస్త్రచికిత్స ఫలింపక మిగిలిన చూపును పోయెను. చిత్రకారునకు అంతకంటె గొప్ప విపత్తు లేదు. ఆయన కళను వదలలేదు. దాని ద్వారమును మార్చెను. కాగితములను మడిచి, కత్తిరించి, అతికించి రూపములు కల్పించెను. మైనముతో చిన్న బొమ్మలు చేసెను. కళాచరిత్రను జ్ఞాపకమునుండి బోధించెను. 1972లో పింగాణిపలకలతో కుడ్యచిత్రమును నిర్మింపజేసెను. ఆయన శిష్యుడైన సత్యజిత్ రాయ్ ఆ సంవత్సరముననే "ది ఇన్నర్ ఐ" అను చలనచిత్రమున ఆ గురువును చూపెను. కుంచె చేసినపనిని వ్రేళ్లు నేర్చుకొన్న ఆ తీరును చూడదలచినవారికి అది మంచి పాఠము.

తగిన పని అనగా నేమి

ఈ జీవితములనన్నిటిని ఒకచోట ఉంచి చూచినచో కొన్ని సూత్రములు తేలుచున్నవి. మొదటిది: మిగిలియున్న విద్యనుండి పనిని ఎన్నుకొనవలెను. మిల్టను విద్య భాష; కలము మాఱినది, భాష మాఱలేదు. సైనికుని విద్య పల్లెబ్రతుకు. నాగలి పోయి కోళ్లగూడు వచ్చినది. నడివయస్సువానిని పూర్తిగా తెలియని వృత్తిలో దింపుట రెండవసారి కన్నులు తీయుటయే. రెండవది: సహాయకుని శ్రమను లెక్కలోనికి తేవలెను. మేరీ, డెబొరాల మొఱను మఱవరాదు. మూడవది: పని కొనసాగుటకు సరకు, సంత రెండును ఉండవలెను. నాల్గవది: జాలితో కొన్న వస్తువు వృత్తిని నిలుపదు, వస్తువు నాణ్యమైనదిగా ఉండవలెను, వెల న్యాయమైనదిగా ఉండవలెను. ఇంటిలో చేయుచున్నాడను నెపమున కూలి తగ్గించుట అన్యాయము.

2011 జనాభాలెక్కల ప్రకారము భారతదేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో పనిచేయువారు ఇంచుమించు 36 శాతము. మిగిలినవారిలో బాలురును, వృద్ధులును ఉన్నమాట నిజమే. పని చేయగలిగియు పని దొరకనివారును ఉన్నారు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, ప్రభుత్వోద్యోగములలో 4 శాతము ప్రత్యేకించినది. ఉపాధ్యాయులు ప్రత్యేకముగా తెలిసికొనదగిన నిబంధన మఱొకటి అందున్నది. ప్రభుత్వోద్యోగి ఉద్యోగమున ఉండగా వైకల్యము పొందినచో అతనిని తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు. ఆ పనికి తగనిచో అదే జీతముతో వేఱు పనికి మార్చవలెను. అట్టి స్థానము లేనిచో, దొరకువఱకు గాని, పదవీవిరమణ వయస్సువఱకు గాని అదనపు స్థానమున నిలుపవచ్చును. చూపు పోగానే భయపడి రాజీనామాపత్రము వ్రాసి ఇచ్చువారు ముందుగా ఈ నిబంధనను చదివించుకొని వినవలెను. ఈ రక్షణ ప్రభుత్వోద్యోగికే. దర్జీకి, పద్దులు వ్రాయు గుమాస్తాకు, అచ్చుతప్పులు దిద్దువానికి ఇది చాలదు. స్వయముగా వృత్తి పెట్టుకొనువారికి తక్కువ వడ్డీకి ఋణమిచ్చుటకు 1997లో ఏర్పడిన జాతీయ ఆర్థికసంస్థ కలదు. అచటికి దారి చూపు చదువుకొన్న పొరుగువాడు కావలెను.

సాధనములు నేడు హెచ్చినవి. మైకేల్ కర్రన్ అను అంధుడు 2006లో ఆస్ట్రేలియాలో ఆరంభించిన ఎన్.వి.డి.ఎ. అను సాధనము కంప్యూటరు తెరపై అక్షరములను చదివి వినిపించును, తెలుగును గూడ చదువును, వెల లేదు. మిల్టను కుమార్తెలు విసుగుతో చేసిన పనిని యంత్రము విసుగు లేక చేయుచున్నది. చూపు పోయిన ఉపాధ్యాయుడు దీనితో పాఠములు సిద్ధము చేసికొనవచ్చును, ఇంటినుండియే టెలిఫోను ద్వారా పిల్లలకు చెప్పవచ్చును. కాని యంత్రము చేయలేనిది ఒకటి కలదు. దానిని తెలుపుటకు మిల్టను ఇంటికే మఱల పోవలెను.

1662లో థామస్ ఎల్‌వుడ్ అను యువకుడు మిల్టనును ఆశ్రయించెను. అతనికి లాటిను సరిగా రాదు. నేర్చుకొన కోరిక కలదు. గురువునకు చదివి వినిపించువాడు కావలెను. ఆదివారము తప్ప ప్రతిదినము మధ్యాహ్నము వచ్చి చదువునట్లు ఒడంబడిక కుదిరెను. చదువుచుండగా, కంఠస్వరము తీరునుబట్టియే శిష్యునికి అర్థమైనదో లేదో అంధుడు పసికట్టెడివాడు. అర్థము కానిచోట ఆపి, ప్రశ్నించి, కఠినభాగములను విప్పి చెప్పెడివాడు. ఈ సంగతి ఎల్‌వుడే తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. 1665లో లండనున మహామారి చెలరేగినపుడు గురువునకు చాల్ఫాంట్ గ్రామమున ఇల్లు కుదిర్చినవాడు ఆ శిష్యుడే. అచట కావ్యపు వ్రాతప్రతిని చదివి అతడడిగిన ప్రశ్నవలననే "ప్యారడైజ్ రీగైన్డ్" పుట్టెనని అతడే చెప్పుకొనెను.

కుమార్తెలును చదివిరి, ఎల్‌వుడ్డును చదివెను. వారు చదివినదానికి ప్రతిఫలము లేదు; ఇతనికి విద్య దక్కెను. చూపు పోయిన పెద్దలు ప్రతి వీథిలోను కలరు. వారి వద్ద లెక్కలు కలవు, వ్యాకరణము కలదు, ఏబదియేండ్ల లోకజ్ఞానము కలదు. దినమునకు ఒక గంట వార్తాపత్రికయో, పాఠ్యపుస్తకమో చదివి వినిపించు విద్యార్థి వారికి భిక్ష వేయుట లేదు, గురువును సంపాదించుకొనుచున్నాడు. ఆ పెద్దలకును ఆ గంట విశ్రాంతి కాదు. అది వారికి దొరకిన పని.